శ్రీ అబ్బూరి రామకృష్ణారావు గారు

గ్రంథాలయమును రంగస్థలమును ఏకముగ సేవించిన ధన్యులు శ్రీ అబ్బూరి రామకృష్ణారావు గారు. వీరు 1896లో గుంటూరు మండలమున జన్మించిరి. భావకవిత్వపు తొలినాళ్లలోనే ‘మల్లికాంబ’ కావ్యమును, తదుపరి ‘నదీసుందరి’ నాటకమును రచించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గ్రంథపాలకులై, వాల్తేరులో నాటకములను ప్రయోగించిరి.

గురజాడ వారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడినది. 1909లో వెలువడిన మలికూర్పు మిక్కిలి పెద్దది. ఒక్క రాత్రిలో సాంతముగ ఆడుట దుస్సాధ్యము. రామకృష్ణారావు గారు దానిని కుదించి, తమ ‘నటాలి’ సంస్థచే ఆడించిరి. మహాకవి రచనలో ఒక్క పంక్తి తొలగించుటయు సాహసమే. తొలగింపకున్నచో నాటకము బీరువాలోనే మిగులును. ప్రేక్షకులకు అందించుటయే మేలని వారెంచిరి.

1979లో కీర్తిశేషులైరి. మన బీరువాలలోని నాటకములును గ్రామ యువకుల రాకకై వేచియున్నవి.