కటింగ్ షాపాయన కొడుకు

డిసెంబర్‌ల మా కాప్రా, సైనిక్‌పురి దిక్కు దుకాణాల ముంగట ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్లు బారులు తీరుతయి. అవి చూస్తే నాకు ఒక టీవీ కార్టూన్ యాదికొస్తది. మెరిసే రేకు చెట్లను వదిలి, ఎవ్వరికీ అక్కర్లేని బక్క చెట్టును తెచ్చుకున్న పోరడి కథ అది. పేరు 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్'. దాన్ని రాసిన చార్లెస్ షుల్జ్ గురించి మన ఊర్ల పోరగాళ్లకు తెల్వాలె.

ఆయన 1922 నవంబర్ 26న అమెరికాల మిన్నియాపొలిస్‌ల పుట్టిండు, పక్కనున్న సెయింట్ పాల్‌ల పెరిగిండు. తండ్రిది కటింగ్ షాపు. బడి పుస్తకం కోసం ఈయన గీసిన బొమ్మలను అచ్చెయ్యలే. పోస్టుల బొమ్మలు నేర్పే కోర్సుల చేరితే తండ్రి తిప్పలపడి ఫీజు కట్టిండు. 1943ల మిలిటరీకి పోవాల్సొచ్చింది. గప్పుడే తల్లి క్యాన్సర్‌తోని చనిపోయింది. యుద్ధం అయినంక వాపసొచ్చి, తను నేర్చుకున్న కోర్సు సంస్థలనే పంతులైండు.

1950 అక్టోబర్ 2న 7 పేపర్లల్ల ఆయన బొమ్మల కథ మొదలైంది. 'పీనట్స్' అన్న పేరు కంపెనీ పెట్టింది, ఆయనకు ఎన్నడూ నచ్చలే. అండ్ల చార్లీ బ్రౌన్ ఆటల ఓడిపోతడు, గాలిపటం చెట్టుకు చిక్కుతది. వాని నాయినది గూడ కటింగ్ షాపే. షుల్జ్ తండ్రి పనిని దాచుకోలే, దేశమంతా చదివే పేపర్ల పెట్టిండు. ఆడ అది పని మాత్రమే. మన దగ్గర పనికి కులం అంటుకున్నది. కాలేజీల నాయిన ఏం జేస్తడని అడిగితే తల దించుకునే పిల్లలను నేను చూసిన. సిగ్గుపడాల్సింది వాళ్లు కాదు, చిన్నచూపు చూసేటోళ్లు.

1965ల కోకకోలా పైసలతోని టీవీ కార్టూన్ తయారైంది. నిర్మాత లీ మెండెల్సన్, డైరెక్టర్ బిల్ మెలెండెజ్. పిల్లల మాటలు పిల్లలతోనే చెప్పించిన్రు. చదువు రాని చిన్నపాపకు ఒక్కో ముక్క అందిచ్చి పలికించిన్రు. వెనుక నవ్వుల సౌండు పెడదామంటే షుల్జ్ ఒప్పుకోలే. సీబీఎస్ చానెల్ పెద్దలకు అది నచ్చలే, మరీ నెమ్మది అనుకున్నరు. డిసెంబర్ 9న వేస్తే, గా రాత్రి టీవీ ముంగట కూసున్నోళ్లల్ల సుమారు సగం మంది అదే చూసిన్రు. ఎమ్మీ, పీబాడీ అవార్డులు గూడ వచ్చినయి.

మన సంగతేంది? సినిమాలు ఏండ్లకేండ్లు మన యాసను రౌడీలకు, నవ్వులాటకు వాడుకున్నయి. తెలుగుల వచ్చే కార్టూన్లల్ల మన ఊరి పిల్ల లెక్క మాట్లాడే బొమ్మ దొరుకుడు కష్టం. పిల్లల గొంతు పిల్లలదే ఉండాలె అన్నట్టే, మన కథకు మన గొంతే ఉండాలె అంటున్న నేను.

షుల్జ్ దగ్గర దగ్గర 50 ఏండ్లు తన చేతితోనే గీసిండు. మొత్తం 17,897 కథలు. 2000 ఫిబ్రవరి 12 రాత్రి పానం ఇడిసిండు. తెల్లారి పేపర్ల ఆయన ఆఖరి ఆదివారం బొమ్మ వచ్చింది.

తమ్ముడూ, చెల్లె, ఫోన్‌ల బొమ్మలు గీసేటోళ్లు మీల మస్తుమంది ఉన్నరు. అండ్ల మీ నాయిన దుకాణం, మీ అవ్వ మాట ఎందుకు లెవ్వు? అవి పెట్టి గీయుండ్రి. గీ పని మనకోసం బయటోళ్లు చెయ్యరు.