సర్ హెరాల్డ్ గిల్లీస్

మన ఇళ్లలో బిడ్డ ముఖంలో ఏ లోపంతో పుట్టినా, గ్రహణం వేళ తల్లి బయట తిరిగిందంటారు. మా చెల్లెలు కొడుకు పుట్టినప్పుడు ఆ మాట పడింది. అందుకే ఈ ప్రత్యేక సంచికకు గిల్లీస్ గారి గురించి వ్రాస్తున్నాను.

ఆయన 1882లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టారు. ఇంగ్లండులో చెవి, ముక్కు, గొంతు వైద్యులయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం ఆయన పట్టుదలతోనే 1917లో సిడ్‌కప్‌లో ప్రత్యేక ఆసుపత్రి వెలసింది. అక్కడ ఐదు వేల మందికి పైగా చికిత్స పొందారు. గోల్ఫ్ ఆటలోనూ దిట్ట.

1940లలో ఒక రోగి వచ్చాడు. అది యుద్ధగాయం కాదు, పుట్టుకతో వచ్చిన లోపం. పుర్రె ఎముకల అతుకులు అకాలంలో మూసుకుపోయి, ముఖం మధ్యభాగం ఎదగదు. కళ్లు ముందుకు పొడుచుకువస్తాయి, ఊపిరి సరిగా ఆడదు. ఫ్రెంచి వైద్యుడు క్రూజాన్ 1912లో వర్ణించిన జబ్బు ఇలాంటిదే. మా మేనల్లుడిదీ అదే. గిల్లీస్ ముఖం ఎముకను కోసి ముందుకు జరిపారు. కొంతకాలానికి అది వెనక్కు పోయింది. ఇక ఈ ఆపరేషన్ చేయకూడదనుకున్నారు. అయినా ఆ వివరాలు దాచుకోక 1950లో ప్రచురించారు. ఆయన విజయాలకంటే నాకు ఇదే గొప్పగా తోస్తుంది.

1960లో ఆయన కాలం చేశారు. ఆ వ్యాసం చదివిన పారిస్ సర్జన్ పాల్ టెస్సియర్, ఖాళీలలో రోగి శరీరంలోని ఎముక ముక్కలనే అమర్చి ముఖాన్ని నిలబెట్టగలిగారు. 1967లో రోమ్ మహాసభలో ఆ ఫలితాలు చూపించారు. జన్యువులో మార్పే ఈ జబ్బుకు కారణమని 1994లో తేలింది. ఆ సంగతి తెలిసిన రోజునే మా చెల్లెలికి ఉత్తరం వ్రాశాను.