28 ఏళ్లు నిండకుండానే ఆగిన కుంచె

ఇరవై ఎనిమిదేళ్లంటే చాలామంది అబ్బాయిలు అప్పుడప్పుడే ఉద్యోగంలో కుదురుకునే వయసు. దామెర్ల రామారావు మాత్రం ఆ వయసు నిండకముందే తెలుగు చిత్రకళకు ఓ దారి వేసి వెళ్లిపోయారు.

1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారాయన. చిన్నప్పటి నుంచీ ధ్యాసంతా బొమ్మల మీదే. చదువు పాడవుతోందని పెద్దవాళ్లు కంగారుపడే రోజులవి. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే మాత్రం ఆ చేతిలోని పనితనం గుర్తుపట్టారు. అడివి బాపిరాజుకీ గురువు ఆయనే. ఆ దొర ప్రోత్సాహంతో 1916లో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు.

చదువయ్యాక బొంబాయిలో స్థిరపడిపోలేదు. మళ్లీ గోదావరి ఒడ్డుకే వచ్చేశారు. పడమటి పద్ధతిలో నేర్చుకున్న పనితనంతో మన పురాణాలనూ, మన కొండలనూ, పువ్వులతో సింగారించుకునే మన ఆడవాళ్లనూ గీశారు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన 'ఋష్యశృంగ బంధనం' వైస్రాయ్ బహుమతి గెలుచుకుంది. మిత్రుడు వరదా వెంకటరత్నంతో కలిసి రాజమండ్రిలోనే కుర్రాళ్లకు చిత్రకళ నేర్పారు.

మనం ముఖ్యంగా తలచుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే! ఆడపిల్లకి ఉత్తరం రాయడం వస్తే చాలనుకునే కాలం అది. ముగ్గు వేసే చేతికి కుంచె అందడం చిన్న విషయమా?

ఇంతలో మశూచి వచ్చిపడింది. 1925 ఫిబ్రవరి 6న రామారావు కన్నుమూశారు. చిన్న వయసులోనే సత్యవాణి ఒంటరైపోయారు.

అంతటి దుఃఖంలోనూ ఆయన బొమ్మలు చెల్లాచెదురు కాలేదు. ఇంట్లోవాళ్లూ, మిత్రులూ వాటిని ప్రాణంలా చూసుకున్నారు. వెంకటరత్నం బడిని నిలబెట్టారు. ఆయన వదిలివెళ్లిన 34 తైలవర్ణ చిత్రాలు, 129 నీటిరంగుల బొమ్మలు, వందలకొద్దీ పెన్సిల్ స్కెచ్‌లు ఆ చిన్న జీవితానికి సాక్ష్యం. రాజమండ్రిలో ఆయన పేరిట ఆర్ట్ గ్యాలరీ కూడా వెలిసింది.

కళాకారుడి పేరు నిలవాలంటే కుంచె ఒక్కటే చాలదు. ఆ కాగితాలను చెదపట్టకుండా దాచే చేతులూ కావాలి. విశాఖ నుంచి విజయవాడ వైపు వెళ్లేటప్పుడు ఈసారి గోదావరి వంతెన రాకముందే రైలు దిగండి. పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ బొమ్మలు చూసి రండి. అటక మీద అమ్మమ్మ కుట్టిన బొమ్మల గుడ్డ ఏదైనా ఉంటే, ఇంటికొచ్చాక దాన్నీ ఒకసారి దులిపి భద్రంగా పెట్టండి.