ప్రవేశం కోరి వచ్చిన ఆచార్యుడు

ప్రతి సంవత్సరం పరీక్షా ఫలితాలు వెలువడిన నాటి నుండి విద్యార్థుల ఇండ్లలో కొన్ని ప్రశ్నలు తలయెత్తుతాయి. పేరు గాంచిన విద్యాలయంలో మనకు చోటు దొరుకుతుందా? మార్కులు చాలకపోతే గతి ఏమిటి? చోటు దొరికినా ఆ ఊరిలో ఎక్కడ తల దాచుకోవాలి, భోజనం మాట ఏమిటి, తోటివారు మనలను కలుపుకొంటారా? ఈ ప్రశ్నలు నేటివి కావు. నూరేండ్లకు పూర్వం విజయనగరంలో ఒక విద్యాలయపు గడప ముందు నిలిచిన యువకుని మనస్సులో కూడా ఇటువంటి సందేహాలే మెదలి ఉండాలి. తరువాతి కాలంలో ఫిడేలు నాయుడుగారుగా దక్షిణ భారతమంతటా కీర్తి గడించిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారే ఆ యువకుడు.

నాయుడుగారు 1893వ సంవత్సరం నవంబరు 8వ తేదీన, దీపావళి పర్వదినాన, బెంగుళూరులో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. ఉద్యోగ విరమణానంతరం ఆ కుటుంబం విశాఖపట్టణంలో స్థిరపడింది. దీపాల పండుగనాడు పుట్టిన ఆ బాలునికి విధి కంటివెలుగును మాత్రం నిండుగా ప్రసాదించలేదు. చూపు మందగించిన కారణంగా పాఠశాల విద్య నడుమనే ఆగిపోయింది. నల్లబల్లపై వ్రాసిన అక్షరం కనిపించని పిల్లవానికి ఆనాటి బడిలో చోటు లేదు. వాడు మందబుద్ధి కాదని, కంటికి అందనిది చెవితో గ్రహించగలడని గుర్తించే ఏర్పాటు ఆ కాలపు పాఠశాలలలో ఏది? బడి తలుపు మూసుకొన్న ఆ వేళలో ఇంటిలోనే మరొక తలుపు తెరచుకొన్నది. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు వాయులీన విద్వాంసులు. వారే తమ్మునికి తొలి గురువులై ఫిడేలు చేతికిచ్చి స్వరజ్ఞానం కలిగించారు. సాధన, శ్రవణం అనే రెండింటితో ఆ బాలుడు యౌవనంలోనికి అడుగు పెట్టాడు.

1919 ఫిబ్రవరిలో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల వెలసింది. పూసపాటి విజయరామ గజపతిరాజుగారు దాని స్థాపకులు. వారి సంస్థానంలో పనిచేసిన చాగంటి జోగారావుగారి కుమారుడు గంగబాబు అంధుడు. సంగీతమంటే ప్రాణం పెట్టేవాడు. ఆ బాలుని విద్య కొరకై మహారాజావారికి తోచిన తలపే ఆ కళాశాలకు బీజమైనదని చెబుతారు. చూపులేని ఒక్క బాలుని అవసరం ఒక ప్రాంతానికంతటికీ విద్యాలయమై ఫలించింది. ప్రవేశ నియమాలకు విద్యార్థిని తగినట్లుగా మలచడం లోకంలో సాధారణం. ఇక్కడ విద్యార్థికి తగినట్లుగా విద్యాలయమే పుట్టింది.

ఆ కళాశాలకు తొలి ప్రధానాచార్యులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడ వారి స్వగ్రామం. సంస్కృతాంధ్రాలతోపాటు పారసీ భాషలోనూ వారికి ప్రవేశముండేది. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారసీ మూలం నుండి సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి అనువదించిన ఆయన పేరు ఉర్దూ, తెలుగు రెండు భాషలవారికీ ఆత్మీయం కావలసినది. విద్య ఏ భాషలో, ఏ మతంలో, ఏ ఇంటిలో ఉన్నా దానిని గుర్తించి గౌరవించే ఉదారదృష్టి ఆయనది.

అటువంటి దాసుగారి సన్నిధికి 1919లోనే వెంకటస్వామి నాయుడుగారు విద్యార్థిగా చేరే కోరికతో వచ్చారు. వయస్సు 26వ ఏట. చేతిలో యోగ్యతాపత్రం లేదు. స్కూలు ఫైనలు సైతం పూర్తి కాలేదు. ఉన్నదల్లా ఫిడేలు ఒక్కటే. దానిని ఆయన వాయించారు. దాసుగారు విన్నారు. విన్న పిమ్మట, ఇతడు ఇక్కడ నేర్చుకొనవలసినవాడు కాదని, నేర్పవలసినవాడని నిర్ణయించారు. విద్యార్థిగా చోటు దొరికితే చాలునని వచ్చిన యువకుడు వాయులీనాచార్యుడై అదే కళాశాలలో పదవి స్వీకరించాడు. షాగిర్దుగా చేరవచ్చినవాడు ఉస్తాదుగా నిలిచిపోయాడు.

ఈ సంఘటనను అదృష్టమని తీసివేయడం సులభం. కాని అందులో ఒక గొప్ప పాఠం ఉన్నది. ప్రవేశ పరీక్ష అంటే అభ్యర్థికి ఏమి రాదో వెదకి పట్టడం కాదు. ఏమి వచ్చునో శ్రద్ధగా వినడం. నాయుడుగారికి చూపు లేదన్న సంగతిని పూర్వం చూచినవారు ఉన్నారు. ఆయనకు నాదమున్నదన్న సంగతిని వినిన విద్యాలయాధిపతి దాసుగారు. ఒక పెద్ద తన అధికారాన్ని ఎట్లు వినియోగించాలో ఆనాటి ఆ నిర్ణయం చెబుతున్నది.

ఆచార్యపదవి దొరికిన తరువాత నాయుడుగారు విద్యార్థి లక్షణాన్ని విడువలేదు. వినడం ఒక తపస్సని ఆయన విశ్వాసం. పాశ్చాత్య వాయులీన విద్వాంసుల కమానుపట్టును పరిశీలించి, అందలి నాదసౌష్ఠవాన్ని కర్ణాటక సంగీతానికి అనుకూలంగా మలచుకొన్నారు. ఆ కాలంలో వాయులీనం చాలవరకు గాయకుని వెంట నడిచే పక్కవాద్యం. 1938లో వేలూరులో నాయుడుగారు వాయులీనంతోనే తనియైన కచేరీ చేసి ఆ వాద్యానికి స్వతంత్ర పీఠం కల్పించారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదంతో సత్కరించింది. 1950లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ పట్టమిచ్చింది. పాఠశాల చదువు ముగించలేకపోయిన వ్యక్తిని విశ్వవిద్యాలయమే పిలిచి గౌరవించింది.

1936లో దాసుగారి అనంతరం నాయుడుగారు కళాశాల ప్రధానాచార్యులైనారు. ఒకనాడు ప్రవేశం కోరి తాను నిలిచిన చోటికి ఇక ఇతరులు వచ్చి నిలుస్తారు. అట్లు వచ్చినవారిలో కృష్ణా జిల్లా చౌటపల్లి నుండి వచ్చిన ఒక తండ్రిలేని బాలుడున్నాడు. తండ్రి చివరి కోరిక మేరకు సంగీతం నేర్వాలని ఆ పిల్లవాడు చేతి ఉంగరమమ్మి రైలు ఖర్చు సమకూర్చుకొని విజయనగరం చేరినట్లు అతని జీవితచరిత్రలు చెబుతున్నవి. తీరా వచ్చేసరికి వేసవి సెలవులు. కళాశాల మూసి ఉన్నది. నాయుడుగారు ఆ బాలుని వెనుకకు పంపలేదు. తెరిచేవరకు కళాశాల ఆవరణలోనే ఉండడానికి అనుమతించారు. ఆ బాలుడే ఘంటసాల వెంకటేశ్వరరావు.

ఇక కళాశాల జీవితం ఎట్లుండేదో ఆ బాలుని కథే చెబుతుంది. భోజనానికి వారాలు చేసుకోవాలి. అనగా రోజుకొక గృహస్థు ఇంట అన్నం. తోటివారు చేసిన తప్పు తన నెత్తిన పడగా ఆ ఆవరణ నుండి వెలుపలికి పోవలసివచ్చింది. నింద విన్న ఇండ్లవారు వారాలు మానిపించారు. గుడిలో తలదాచుకొన్న ఆ పిల్లవానిని చేరదీసినవారు కళాశాలలో గాత్రాచార్యులు, సాలూరు చినగురువుగారని ప్రసిద్ధి చెందిన పట్రాయని సీతారామశాస్త్రిగారు. ఆయన సంపన్నులు కారు. పాఠం చెప్పగలిగారు గాని రెండు పూటలా అన్నం పెట్టగల స్థితి లేదు. బాలుడు భుజాన జోలె కట్టి వీధివీధిన మాధుకరం చేశాడు. ఆ ఊరి తల్లులు పెట్టిన అన్నం తిని, చినగురువుగారి పాఠం విని, కళాశాలలో చేరి, సంగీత విద్వాన్ పట్టం సాధించాడు.

ఈ కథను కన్నీటితో చదివి ఆనందించడం మాత్రమే చాలదు. ఒక మాట నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. వారాలు, మాధుకరం అన్న ఆసరా ఆనాడు ప్రధానంగా బ్రాహ్మణ బాలురకు దక్కినది. ఇతర కులాలలో, ఇతర మతాలలో పుట్టిన బీద పిల్లవానికి కళాశాల తలుపు తెరచి ఉన్నా, ఊరిలో అన్నపు తలుపు తెరచి ఉండేదని చెప్పలేము. ప్రతిభను విని చోటిచ్చే గురువు ఒకరుండడం ఎంత అవసరమో, చోటు దొరికినవాడు ఆకలితో తిరిగిపోకుండా చూచే వసతిగృహం, ఉపకారవేతనం ఉండడం అంతే అవసరం. నాయుడుగారికి దొరికిన ఆచార్యపీఠం, ఘంటసాలకు దొరికిన జోలె, రెండూ ఒకే కళాశాల చరిత్రలోనివి. మొదటిది చూచి గర్వించేవారు రెండవదానిని మరువరాదు.

నాయుడుగారు 1957లో పద్మశ్రీ పురస్కారం పొందారు. 1964 నవంబరు 25వ తేదీన పరమపదించారు. ఆయన శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలాశాఖ ఆయన చిత్రంతో తపాలాబిళ్ళ విడుదల చేసింది. గానకోకిల పి. సుశీలగారు కూడా ఆ కళాశాలలోనే సంగీతం అభ్యసించారు. 2019లో కళాశాలకు నూరేండ్లు నిండాయి. ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా నేటికీ అది విజయనగరంలో విద్యాదానం చేస్తున్నది.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! మీలో అనేకులు రేపో మాపో పెద్ద విద్యాలయాల గడప ముందు నిలువబోతున్నారు. చోటు దొరుకుతుందా అన్న ప్రశ్న మిమ్ములను తప్పక వేధిస్తుంది. ఆ ప్రశ్నతోపాటు, నా చేతిలో ఉన్న విద్య ఏమిటి, దానిని వినగలవారి ముందు వినిపించగలనా అని కూడ ప్రశ్నించుకోండి. ఒక తలుపు మూసుకొన్నప్పుడు, నాయుడుగారివలె ఇంటిలోని అన్నగారి వద్దనైనా సాధన మొదలుపెట్టండి. ఇంకొక విన్నపం. ఏనాడైనా మీరు ఆ తలుపునకు ఇవతలి వైపు, ప్రవేశమిచ్చే పీఠంపై కూర్చొన్న రోజున, సెలవులలో వచ్చిన పిల్లవాని ముఖం మీద గడియ వేయకండి. ముందుగా వాడు ఏమి తిన్నాడో అడగండి. ఆ పిమ్మట వాని పాట వినండి.