ముందు మూత్రాశయం... ఆ తర్వాతే మైదానం

పారాలింపిక్స్‌లో చక్రాల కుర్చీ మీద దూసుకెళ్లే క్రీడాకారుల్ని మీరు టీవీలో చూసే ఉంటారు. ఆ పోటీలకు ఆద్యుడు డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ అనీ వినే ఉంటారు. పోటీలు మొదలుపెట్టడానికి ముందు ఆయన మరో శత్రువుతో తలపడాల్సి వచ్చింది. అది మూత్రంలో ఇన్‌ఫెక్షన్.

గుట్‌మన్ 1899లో అప్పటి జర్మనీలోని టోస్ట్ అనే ఊళ్లో, ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. 1917లో, ఇంకా వైద్యవిద్యలో చేరకముందే, గని కార్మికుల ఆసుపత్రిలో సహాయకుడిగా పనిచేశారు. అక్కడికి నడుం విరిగిన బొగ్గుగని కార్మికుణ్ని తెచ్చారు. దిట్టమైన యువకుడు. అతని వివరాలు రాసుకోబోతే, కొన్ని వారాల్లో పోయేవాడికి అవన్నీ ఎందుకని పెద్దలు తేలిగ్గా తీసిపారేశారు. అన్నట్టే ఐదు వారాలకు అతను చనిపోయాడు. ప్రాణం తీసింది విరిగిన ఎముక కాదు, మూత్రంలో మొదలై రక్తానికి పాకిన ఇన్‌ఫెక్షన్. గుట్‌మన్ ఆ కుర్రాణ్ని జీవితాంతం మరిచిపోలేదు.

నాడీవైద్యుడిగా పేరు తెచ్చుకుంటున్న దశలో హిట్లర్ వచ్చాడు. 1933లో యూదుడన్న కారణంతో ఉద్యోగం తీసేశారు. బ్రెస్లావ్‌లోని యూదుల ఆసుపత్రిలో చేరి, తర్వాత దానికి డైరెక్టర్ అయ్యారు. 1938 నవంబరులో యూదుల ఇళ్ల మీద దాడులు జరిగిన రాత్రి, ఎవరొచ్చినా చేర్చుకోమన్నారు. మర్నాడు పోలీసులొస్తే ఒక్కొక్కరికీ ఒక్కో జబ్బు చెప్పి 60 మందిని కాపాడారు. 1939లో భార్యాపిల్లలతో ఇంగ్లండ్ చేరారు.

1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల కేంద్రం ఆయన చేతికొచ్చింది. అప్పటికి ఈ రోగుల మీద వైద్యులకే ఆశ లేదు. ఎందుకంటారా? వెన్నుపాము తెగితే మూత్రాశయానికీ మెదడుకూ మధ్య కబురు ఆగిపోతుంది. నిండినా తెలియదు, పూర్తిగా ఖాళీ కాదు. నిలవ నీళ్లు పాచిపట్టినట్టే నిలవ మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఇన్‌ఫెక్షన్ కిడ్నీలకు ఎక్కుతుంది. దానికి పడక పుండ్లు తోడైతే ఇక చెప్పేదేముంది!

గుట్‌మన్ పరిష్కారం వినడానికి మామూలుగా ఉంటుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలి. అది జరుగుతోందా లేదా అని రాత్రిళ్లు తనే వార్డులో తిరిగి చూసేవారు. ఇక మూత్రం సంగతి: గొట్టాన్ని రోజుల తరబడి లోపలే ఉంచెయ్యకుండా వేళకు పెట్టి, ఖాళీ చేసి, తీసెయ్యాలి. లోపలికి వెళ్లే భాగం చేతికి కూడా తగలకూడదు. ఆ పని డాక్టరే చెయ్యాలన్నది ఆయన పట్టు. చాదస్తం అనుకున్నవాళ్లూ ఉండి ఉంటారు. 476 మంది రోగుల మీద ఈ పద్ధతి ఫలితాలను 1966లో సహచరుడు ఫ్రాంకెల్‌తో కలిసి ప్రచురించారు. ఇంటికెళ్లేనాటికి వారిలో ఎక్కువమంది మూత్రంలో సూక్ష్మజీవులు లేవు. ఆయనకు సర్ బిరుదు వచ్చిందీ ఆ ఏడాదే.

ప్రాణం నిలిచాక మంచం దిగాలిగా! ఆటను ఆయన మందులాగే రోజువారీ చికిత్సలో చేర్చారు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, ఆసుపత్రి ఆవరణలో 16 మందితో విలువిద్య పోటీ పెట్టారు. 1960లో రోమ్‌కు 23 దేశాల నుంచి 400 మంది వచ్చారు. గుట్‌మన్ 1980లో కన్నుమూశారు.

ఆ పాత శత్రువు మాత్రం ఇప్పటి క్రీడాకారుల్నీ వదల్లేదు. మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్లలోనో చక్రాల కుర్చీ క్రీడాకారులుంటే గమనించండి. పోటీరోజున, ప్రయాణంలో బాత్రూమ్ ఇబ్బందికి భయపడి నీళ్లు తాగడం మానేస్తారు. కెథెటర్ వాడాల్సిన వేళ దాటేస్తారు. ఇన్‌ఫెక్షన్‌కు ఇంతకన్నా అదను ఏముంటుంది? పైగా స్పర్శ లేనివాళ్లకు మంట తెలియకపోవచ్చు. చలిజ్వరం, కాళ్ల బిగుతు ఎక్కువవడం, మధ్యమధ్యలో మూత్రం కారిపోవడం, మూత్రం మడ్డిగా మారడం వంటివి కనిపిస్తే పరీక్ష చేయించాలి. ఏ బాధా లేకుండా రిపోర్టులో సూక్ష్మజీవులున్నాయని మాత్రం సొంతంగా యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి.

వెన్నుపాము ఛాతీ పైభాగంలోనో, మెడ దగ్గరో దెబ్బతిన్నవారికి ఇంకో ప్రమాదం ఉంది. మూత్రాశయం బాగా నిండితే బీపీ ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఆ బీపీతో ఆటలో జోరు వస్తుందని కొందరు కావాలనే మూత్రం బిగబట్టేవారు. పక్షవాతం దాకా తెచ్చే ఈ పనిని పారాలింపిక్ కమిటీ నిషేధించింది. ఉన్నట్టుండి తలనొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వస్తే రోగిని నిటారుగా కూర్చోబెట్టండి. గొట్టం ఉంటే ఎక్కడైనా మడతపడిందేమో చూడండి, లేకపోతే వెంటనే మూత్రం తీయించండి. అప్పటికీ తగ్గకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.