చలికాలపు సంగీతం – లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితం

ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మన వాగ్గేయకారుల గురించి, మన గాయకుల గురించి నాకంటె బాగా వ్రాయగల మిత్రులు మన సంఘంలో ఉన్నారు. అందుచేత నేను దూరదేశపు సంగీతకారుడు, అమెరికాకు చెందిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఎంచుకున్నాను. మార్గశిర, పుష్య మాసాలలో శాలువా కప్పుకొని కాఫీ త్రాగుతూ వినటానికి ఆయన పాటలు ఎంతో హాయిగా ఉంటాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1970లలో, రాత్రిపూట షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా వారి జాజ్ కార్యక్రమం వచ్చేది. విల్లిస్ కానోవర్ అనే ఆయన మనబోటి వారికి కూడా అర్థమయ్యేలా, నిదానంగా, స్పష్టమైన ఇంగ్లీషులో పరిచయం చేసేవారు. ఆర్మ్‌స్ట్రాంగ్ బొంగురు గొంతు నేను మొదట విన్నది అందులోనే. జాజ్ అంటే ఏమిటని అడిగేవారికి నేను చెప్పేది ఇంతే. పల్లవిని అందరూ కలిసి వాయించిన తరువాత, మన కచేరీలలో కల్పనస్వరాలు వేసినట్లు, ఒక్కొక్కరూ తమ మనోధర్మాన్ని బట్టి దానిని పెంచుకుంటూ పోతారు. బాకా జాతికి చెందిన ట్రంపెట్ మీద ఈ విద్యను శిఖరానికి చేర్చినవారు ఆర్మ్‌స్ట్రాంగ్.

సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీతో తిప్పలు పడ్డవారు మనలో కొందరున్నారు కదా. ఆయనదీ అదే కథ. తాను 1900 జూలై 4న పుట్టినట్లు ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1980లలో, చర్చి రిజిస్టరులో బాప్తిస్మపు నమోదు దొరికింది. అసలు తేదీ 1901 ఆగస్టు 4. జన్మస్థలం లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ నగరం.

బిడ్డ పుట్టగానే తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. తల్లి మేయాన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. పసితనంలో నాయనమ్మ జోసెఫిన్ పెంచింది. కొంచెం ఎదిగాక లూయీ ఆ ఊళ్లోని కర్నాఫ్‌స్కీ అనే యూదు కుటుంబం వారి బండి మీద పనికి కుదిరాడు. వారు పగలు పాత సామాన్లు కొనేవారు, రాత్రి బొగ్గు అమ్మేవారు. ఊరివాళ్ల పొయ్యిలకు బొగ్గు మోసిన ఆ పిల్లవాడి ఇంట్లో మాత్రం పండుగ జరుపుకునే స్తోమత లేదు. బండి మీద రేకు బూర ఊదుతూ జనాన్ని పిలవటమే అతని తొలి వాయిద్యం. పాతసామాన్ల దుకాణంలో ఒక కార్నెట్ కొనుక్కోవటానికి ఆ కుటుంబం వారే చేయూతనిచ్చారు. తనను ఇంటి బిడ్డలా చూసుకున్నారని ఆయన ముసలితనంలో వారి గురించి ప్రత్యేకంగా వ్రాసుకున్నారు.

ఆయన జీవితం ఒక చలికాలపు రాత్రే మలుపు తిరిగింది. 1912 డిసెంబరు 31న ఊరంతా కొత్త సంవత్సరపు సందడిలో ఉంది. పదకొండేళ్ల లూయీ ఇంట్లో ఉన్న తుపాకి తెచ్చి వీధిలో గాలిలోకి పేల్చాడు. పోలీసులు పట్టుకున్నారు. మర్నాడు, అంటే 1913 జనవరి 1న, నల్లజాతి అనాథ బాలుర శిక్షణాలయానికి పంపారు. పండుగనాడు తల్లికి దూరమై, కటకటాల వెనుక చేరిన బిడ్డ అన్నమాట. అయితే అక్కడ పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు పిల్లల చేత బ్యాండు వాయింపించేవాడు. మొదట లూయీని దగ్గరకు రానివ్వని ఆయనే తరువాత కార్నెట్ చేతికిచ్చి నేర్పించాడు, చివరకు బ్యాండుకు నాయకుణ్ణి చేశాడు. 1914 జూన్‌లో లూయీ బయటకు వచ్చేసరికి చేతిలో విద్య ఉంది.

ఆ తరువాత కొన్నేళ్లు పగలు బొగ్గుబండి, రాత్రి వాయిద్యం. మిసిసిపి నది పడవల మీద కూడా వాయించారు. 1922లో గురుతుల్యుడైన కింగ్ ఆలివర్ కబురు పంపగా షికాగో చేరారు. 1925 నవంబరులో తన సొంత బృందం ‘హాట్ ఫైవ్’తో రికార్డులు మొదలుపెట్టారు. 1928లో వచ్చిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ మొదట్లో ఆయన ఒంటరిగా ఊదిన కొద్ది క్షణాల వాద్యాన్ని ఈనాటికీ విద్యార్థులు సాధన చేస్తారు.

1942లో లూసిల్ విల్సన్ అనే నర్తకిని వివాహమాడారు. ఆ సంవత్సరం క్రిస్మస్‌కు కచేరీల నిమిత్తం ఊళ్లు తిరుగుతున్నారు. ఆయన కచేరీ ముగించుకొని వచ్చేలోగా లూసిల్ హోటలు గదిలో చిన్న క్రిస్మస్ చెట్టు పెట్టి, దీపాలు వెలిగించి ఉంచింది. నలభై యొక్క ఏళ్ల ఆ మనిషి పసివాడిలా దానినే చూస్తూ పడుకున్నారు. తన జీవితంలో తనకోసం పెట్టిన మొదటి చెట్టు అదేనని భార్యకు చెప్పారు. మర్నాడు ఆమె దానిని తీసివేయబోతే ఒప్పుకోలేదు. కొత్త సంవత్సరం వెళ్లిన తరువాత కూడా ఏ ఊరు వెళితే ఆ ఊరికి ఆ చెట్టును వెంట తీసుకుపోయారు. ఈ విషయం లూసిల్ తరువాతి కాలంలో చెప్పగా లోకానికి తెలిసింది.

మరుసటి సంవత్సరం న్యూయార్క్ నగరంలోని కరోనా అనే పేటలో లూసిల్ ఒక మామూలు ఇల్లు కొన్నది. ఎంత సంపాదించినా వారు ఆ పేట వదలలేదు. చలికాలపు పాటలు ఆయన పాడినవి ఎక్కువగా 1950లవి. 1952లో ‘వింటర్ వండర్‌ల్యాండ్’, ‘వైట్ క్రిస్మస్’, 1953లో ‘కూల్ యూల్’, 1955లో ‘క్రిస్మస్ ఇన్ న్యూ ఆర్లీన్స్’ వచ్చాయి. వీటిలో మతబోధ లేదు. మంచు, పిల్లలు, ఇల్లు చేరుకోవాలనే ఆశ, ఇవే ఉంటాయి.

పుట్టిన ఊరితో ఆయనకు మరో బాధ ఉండేది. నల్లవారు, తెల్లవారు కలిసి ఒకే వేదికపై వాయించరాదని 1956లో లూసియానా చట్టం చేసింది. ఆయన బృందంలో ఇరువురూ ఉన్నారు. తోటివారిని వదులుకోక, ఊరినే వదులుకున్నారు. 1965 వరకు అక్కడ కచేరీ చేయలేదు. 1957లో లిటిల్ రాక్ పాఠశాలలో నల్లజాతి పిల్లలను అడుగుపెట్టనివ్వనప్పుడు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌నే బహిరంగంగా విమర్శించారు. ప్రభుత్వం తరఫున వెళ్లవలసిన సోవియట్ యాత్రను మానుకున్నారు. ఎప్పుడూ నవ్వుతూ కనబడే మనిషి నుంచి ఇంతటి తెగువను ఎవరూ ఊహించలేదు.

మనం పెన్షను కాగితాలు సర్దుకునే వయసులో ఆయనకు కొత్త పేరు వచ్చింది. 1964 మే నెలలో, 62వ ఏట, ‘హలో డాలీ’ పాట బీటిల్స్‌ను వెనక్కు నెట్టి అమెరికాలో మొదటి స్థానం చేరింది. 1967లో పాడిన ‘వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్’ ఆయన స్వదేశంలో అమ్ముడు పోలేదు గాని, మరుసటి సంవత్సరం బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది.

ఆఖరి సంవత్సరాలలో గుండె, మూత్రపిండాలు బలహీనపడ్డాయి. 1971 ఫిబ్రవరిలో కరోనా ఇంట్లోనే కూర్చుని, క్రిస్మస్ ముందు రాత్రి గురించి క్లెమెంట్ మూర్ పేరిట ప్రసిద్ధమైన పిల్లల పద్యాన్ని చదివి టేపు చేశారు. వెనుక సంగీతం లేదు, ట్రంపెట్ లేదు. మనుమలకు తాత కథ చదువుతున్నట్లు ఉంటుంది. చిన్ననాడు తనకు దొరకని పండుగను లోకంలోని పిల్లలందరికీ ఇచ్చి వెళ్లారనిపిస్తుంది నాకు. వాణిజ్యపరంగా అదే ఆయన చివరి రికార్డింగు. మార్చిలో వైద్యులు వద్దన్నా రెండు వారాలు కచేరీలు చేశారు. 1971 జూలై 6న నిద్రలోనే కన్నుమూశారు.

1983లో లూసిల్ మరణించారు. ఆ ఇల్లు 2003లో మ్యూజియం అయింది. ఆయన చలికాలపు పాటలను, ఆ పద్య పఠనాన్ని కలిపి 2022లో ఒకే ఆల్బంగా విడుదల చేశారు. కుటుంబ సభ్యులకు చెబితే ఫోనులోనే వినిపిస్తారు. ముందు ‘వింటర్ వండర్‌ల్యాండ్’ వినండి. ఆ పద్యాన్ని మాత్రం రాత్రి భోజనాలయ్యాక, మనుమలను ప్రక్కన కూర్చోబెట్టుకొని వినవలసిందిగా సభ్యులందరికీ నా మనవి.