రూత్ హారియట్ లూయీజ్: ఫొటో వెనక ఉన్న పేరు

పాత హాలీవుడ్ సినిమా ఫొటోలు సేకరించేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. ఫొటో చేతికి రాగానే ముందు ముఖం చూస్తారు, తర్వాత తిప్పి వెనక చూస్తారు. వెనక స్టూడియోవాళ్లు అతికించిన కాగితం, తీసినవాళ్ల పేరుతో రబ్బరు ముద్ర, ఒక్కోసారి పత్రికాఫీసు వేసిన తేదీ ఉంటాయి. అది ఆ రోజుల్లో వేసిన ప్రింటా, తర్వాత తీసిన కాపీయా అన్నది తేల్చడానికి అవి బాగా పనికొస్తాయి. అలాంటి ముద్రల్లో కనిపించే ఒక పేరు రూత్ హారియట్ లూయీజ్. హాలీవుడ్‌లో పనిచేసిన తొలి మహిళా ఫొటోగ్రాఫర్ ఈమే.

రూత్ 1903లో న్యూయార్క్‌లో పుట్టింది. అసలు ఇంటిపేరు గోల్డ్‌స్టీన్. తండ్రి యూదుల మతగురువు. న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్ అనే ఊళ్లో పెరిగింది. పేరున్న ఫొటోగ్రాఫర్ నికొలస్ మురే దగ్గర పని నేర్చుకుంది. 1922లో తన ఊళ్లోనే సొంత స్టూడియో పెట్టింది. అప్పటికి ఆమెకి 19 ఏళ్లు, అంటే సరిగ్గా మన వయసు!

ఆమె అన్న మార్క్ సాండ్రిచ్ సినిమాల్లో ఉన్నాడు, తర్వాత పెద్ద దర్శకుడయ్యాడు. దగ్గరి బంధువు కార్మెల్ మయర్స్ మూకీ చిత్రాల నటి. 1925లో రూత్ కూడా లాస్ ఏంజెలెస్ చేరింది. అదే ఏడాది ఎం.జి.ఎం. కంపెనీ ఆమెని తన పోర్ట్రెయిట్ విభాగానికి ముఖ్య ఫొటోగ్రాఫర్‌గా తీసుకుంది. వయసు 22. మిగతా స్టూడియోల్లో ఆ పని చేసేవాళ్లంతా మగవాళ్లే.

షూటింగ్ జరిగేచోట స్టిల్స్ తీసే పని కాదు ఆమెది. తారలు ఆమె గదికి వచ్చి లైట్ల ముందు కూర్చోవాలి. గ్రెటా గార్బో స్వీడన్ నుంచి కొత్తగా వచ్చింది కూడా 1925లోనే. గార్బోని ప్రపంచానికి పరిచయం చేసిన తొలి ఫొటోల్లో చాలావరకు రూత్ తీసినవే. జోన్ క్రాఫర్డ్, లాన్ చానీ, బస్టర్ కీటన్ కూడా ఆమె కెమెరా ముందు కూర్చున్నారు. ఐదేళ్లలో లక్ష దాకా ఫొటోలు తీసిందని అంచనా.

1927లో దర్శకుడు లీ జేసన్‌ని పెళ్లి చేసుకుంది, ఉద్యోగం మానలేదు. 1929లో నటి నార్మా షియరర్ తనకి కొత్త రూపం కావాలని జార్జ్ హరెల్ అనే బయటి ఫొటోగ్రాఫర్ దగ్గరికి వెళ్లింది. ఆ ఫొటోలు అందరికీ నచ్చాయి. 1930లో రూత్ వెళ్లిపోయింది, ఆ చోటు హరెల్‌కి దక్కింది. ఆ తర్వాత ఆమె తీసినవి చాలా తక్కువ. 1940లో కాన్పు కష్టమై చనిపోయింది. అప్పటికి 37 ఏళ్లే.

ఇక ఆ లక్ష ఫొటోల సంగతి. అవి అమ్మకానికి వేసినవి కావు. పత్రికలకీ అభిమానులకీ ఊరికే పంచేవాళ్లు, అచ్చయ్యాక చాలావాటిని చెత్తలో పడేసేవాళ్లు. అలా పోగా మిగిలినవాటిని ఏరి దాచినవాళ్లలో జాన్ కోబాల్ ముఖ్యుడు. అప్పటికింకా బతికున్న పాత ఫొటోగ్రాఫర్లని వెతికి పట్టుకుని మాట్లాడించాడు, 1980లో వాళ్ల గురించి పుస్తకం వేశాడు. రూత్‌ని మాట్లాడించడానికి మాత్రం ఎవరికీ వీలు లేకపోయింది. ఆమె గురించి విడిగా పుస్తకం 2002లో వచ్చింది, అంటే పోయిన 62 ఏళ్లకి.

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది తమిళం. పాత సినిమా స్టిల్ ఏది చూపించినా సావిత్రి అని ఒకరు, పద్మిని అని ఇంకొకరు పోటీపడి చెప్పేస్తారు. ఇది తీసిందెవరని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గార్బో ముఖం తెలిసినవాళ్లలో రూత్ పేరు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆ కాస్తమందికైనా తెలిసిందంటే, పారేసిన కాగితాన్ని ఎవరో తీసి, తిప్పి, చదివి, దాచబట్టే. మీ ఇళ్లలో పాత స్టూడియో ఫొటోలు ఉంటే ఒకసారి వెనక కూడా చూడండి. పేరుంటే రాసి పెట్టుకోండి.